గాలిలో మాటకు తాళము: లినక్స్ లాప్‌టాపులో గుప్త నిస్తంత్రి సంబంధము

తీగ వెంట నడచు వార్తకు ఒక హద్దు గలదు. టెలిఫోను తీగలో పోవు మాటను దొంగచాటుగా వినదలచినవాడు ముందు ఆ తీగను చేరవలెను. నిస్తంత్రి వార్తకు అట్టి హద్దు లేదు. ఇంటిలో బల్లమీద నుంచిన రౌటరు పంపు తరంగము అదే గదిలోని కంప్యూటరును చేరినట్లే, గోడ దాటి పొరుగింటిని, వాకిలి దాటి వీధిని చేరును. తనవారెవరో పైవారెవరో తరంగమునకు తెలియదు. ఊరి నడుమ దండోరా వేసి, అది ఒక్క ఇంటివారికే వినబడవలెనని కోరుట ఎట్టిదో, తరంగమును దాచవలెనని కోరుటయు అట్టిదే.

కాబట్టి దాచవలసినది తరంగమును కాదు, అందులోని మాటను. మాటను అందరికిని వినబడునట్లు పలికియు, ఒక్కరికే అర్థమగునట్లు చేయుటయే గూఢలిపి విద్య. నేడు బ్యాంకు లెక్కలు, పరీక్షల ఫలితములు, ఆసుపత్రి చీట్లు ఈ దారినే పోవుచున్నవి. లినక్స్ అను స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థతో పనిచేయు లాప్‌టాపులో ఇందుకు జరుగు పనులన్నియు మెట్టుమెట్టుగా కంటికి కనబడును. అందుచేత విద్యార్థికి అది మంచి ప్రయోగశాల.

తరంగము, దానిని విను చెవి

వైఫై అని పేరుపొందిన ఈ పద్ధతి ముఖ్యముగా రెండు పౌనఃపున్యముల దగ్గర నడచును: ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్, రెండవది 5 గిగాహెర్ట్‌జ్. మొదటిదానిలో తరంగము సెకనుకు 240 కోట్ల మారులు కంపించును. కాంతివేగమును, అనగా సెకనుకు 30 కోట్ల మీటర్లను, ఈ సంఖ్యతో భాగించినచో తరంగదైర్ఘ్యము పన్నెండున్నర సెంటీమీటర్లు వచ్చును. రెండవదాని తరంగదైర్ఘ్యము ఆరు సెంటీమీటర్లు. 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని తక్కువ శక్తితో వాడుకొనుటకు భారతదేశములో 2005 నుండి లైసెన్సు అక్కరలేదు.

లాప్‌టాపులోని వైఫై కార్డు గాలిలో వచ్చు ప్రతి వార్తాపొట్లమును వినును. పొట్లముపైనున్న చిరునామా తనది కానిచో దానిని విడిచిపెట్టును. ఇది మర్యాదయే గాని కట్టుబాటు కాదు. పొరుగువాని జాబు చేతికి వచ్చినను విప్పి చదువకుండుట వంటిదే ఇది. లినక్స్‌లో అనేక కార్డులను ‘మానిటర్’ అను స్థితిలో నుంచి, చుట్టుపక్కల పోవు పొట్లములన్నింటిని పట్టి చూడవచ్చును. అందుకు విశేష యంత్రమేదియు అక్కరలేదు. ఇతరుల వలయములలో అనుమతి లేక చొరబడుట సమాచార సాంకేతిక చట్టము, 2000 ప్రకారము శిక్షింపదగిన పని. కాని చట్టము చేతిని ఆపునే గాని చెవిని మూయలేదు. అందుచేతనే తాళము కావలసివచ్చినది.

మొదటి తాళము: ఒకే ధార రెండుమారులు

నిస్తంత్రి వలయములకు 802.11 అను తొలి ప్రమాణము 1997లో వెలువడినది. దానితోపాటు వచ్చిన తాళమునకు ‘వైర్డ్ ఈక్వివలెంట్ ప్రైవసీ’ అని పేరు, సంగ్రహముగా వెప్. తీగలో పోవు వార్తకుండునంతటి గోప్యత దీనివలన కలుగునని ఆ పేరునకు అర్థము. పేరు గొప్పది, పని ఆ పేరునకు తగలేదు. ఎందులకో నల్లబల్లమీద చూపవచ్చును.

వెప్‌లో వాడినది ఆర్‌సి-4 అను పద్ధతి. దీనిని రొనాల్డ్ రివెస్ట్ 1987లో రూపొందించెను. ఒక తాళపుచెవిని ఇచ్చినచో ఈ పద్ధతి 0, 1 అను అంకెల ధారను పుట్టించును. ఆ ధారను వార్తలోని అంకెలతో జోడింపవలెను. జోడించు సూత్రము సులభము: రెండు అంకెలును సమానమైనచో 0, వేరైనచో 1. వార్త 1011, ధార 1001 అనుకొనుడు. గాలిలోకి పోవునది 0010. అవతలివాడు దీనిని మరల 1001తో జోడించినచో 1011 తిరిగి వచ్చును. ధార తెలియనివానికి 0010 వలన ప్రయోజనము లేదు.

ఇప్పుడు అదే ధారతో 0110 అను రెండవ వార్తను పంపినచో గాలిలోకి 1111 పోవును. దొంగచాటుగా వినువాడు తాను పట్టిన 0010ను, 1111ను జోడించును. 1101 వచ్చును. అసలు వార్తలైన 1011, 0110లను జోడించి చూడుడు. అదియు 1101యే! ధార తనంత తానే కొట్టివేయబడినది. వలయములలో పోవు పొట్లములలో కొన్ని భాగములు ఎప్పుడును ఒకే తీరున నుండును. కావున ఒక వార్త తెలిసినచో రెండవది తానే బయటపడును. ఒక ధారను రెండుమారులు వాడరాదు అనుట ఈ విద్యలో ప్రథమ సూత్రము.

ఈ సూత్రము వెప్‌ను నిర్మించినవారికి తెలియక కాదు. తాళపుచెవికి ప్రతి పొట్లమునందును ఒక క్రొత్త సంఖ్యను చేర్చి, ధారను మార్చుటకే వారు యత్నించిరి. కాని ఆ సంఖ్యకు 24 ద్వ్యంకములు మాత్రమే ఇచ్చిరి. 2ను 24 మారులు హెచ్చించినచో 1,67,77,216 వచ్చును. ఇది చూపునకు పెద్ద సంఖ్యయే. కాని సెకనుకు వేయి పొట్లములు పోవు రౌటరులో నాలుగు గంటల నలుబది నిమిషములలో ఇవి అన్నియు ముగియును. సంఖ్యలను వరుసగా గాక యాదృచ్ఛికముగా ఎన్నుకొనినను మేలు కలుగదు. ఇరువది ముగ్గురున్న తరగతిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే యగుటకు సగము పైగా అవకాశమున్నదని గణితోపాధ్యాయులు చెప్పుదురు. అదే లెక్కచొప్పున సుమారు 4,800 పొట్లములు గడచునప్పటికి ఒక సంఖ్య మరల వచ్చుటకు సగము అవకాశము గలదు. అనగా కొద్ది సెకనుల పని.

దీనికి తోడు మరియొక లోపము బయటపడినది. ఆర్‌సి-4ను వెప్ వాడిన తీరులో కొన్ని సంఖ్యలు తాళపుచెవి జాడనే వెల్లడించుచున్నవని ఫ్లూరర్, మాంటిన్, షామీర్ అను శాస్త్రజ్ఞులు 2001లో చూపిరి. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయమునకు చెందిన ట్యూస్, వైన్‌మాన్, పిష్కిన్ అను మువ్వురు ఒక నిమిషములోపలనే తాళపుచెవిని రాబట్టవచ్చునని నిరూపించిరి. తాళము లేని తలుపును చూచి యజమాని జాగ్రత్తపడును. తాళమున్నదని నమ్మిన తలుపు అంతకంటె ప్రమాదకరము.

రెండవ తాళము: రహస్యము గాలిలోకి రాదు

పాత కార్డులను పారవేయకయే కొంత రక్షణ కల్పించుటకు 2003లో డబ్ల్యుపిఎ అను మధ్యకాలపు ఏర్పాటు వచ్చినది. 2004లో క్రొత్త ప్రమాణము స్థిరపడి డబ్ల్యుపిఎ-2 అని వాడుకలోనికి వచ్చినది. ఇందులో ఆర్‌సి-4కు బదులు ఎఇఎస్ అను గూఢలిపి గలదు. ఇది బెల్జియం దేశీయులైన జోన్ డామన్, విన్సెంట్ రైమెన్ అనువారి సృష్టి. బహిరంగమైన పోటీలో నెగ్గి 2001లో అమెరికా ప్రభుత్వ ప్రమాణమైనది. ప్రతి పొట్లమునకు చేర్చు సంఖ్యయు 24 ద్వ్యంకముల నుండి 48కి పెరిగినది. 48 ద్వ్యంకములనగా 281 లక్షల కోట్లకు పైగా సంఖ్యలు. సెకనుకు వేయి చొప్పున పోయినను అవి ముగియుటకు దాదాపు 8,900 ఏండ్లు పట్టును.

అంతకంటె ముఖ్యమైనది సంకేతపదమును వాడు తీరు. రౌటరునకును లాప్‌టాపునకును ఒకే సంకేతపదము తెలియును. ఆ పదమును గాలిలో పంపినచో అందరును విందురు. పంపకున్నచో తెలుసునని నమ్మించుట ఎట్లు? ఈ చిక్కును విప్పు పద్ధతికి నాలుగు మాటల కరచాలనమని పేరు.

ముందు ఇరుపక్కలను ఎవరికి వారే సంకేతపదమును, వలయము పేరును కలిపి 4,096 మారులు ఒక కఠినమైన గణనయంత్రములో త్రిప్పినట్లు త్రిప్పి, 256 ద్వ్యంకముల మూల తాళపుచెవిని తయారుచేసికొందురు. పిమ్మట రౌటరు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపును. ఇది మొదటి మాట. లాప్‌టాపు తన యాదృచ్ఛిక సంఖ్యను ఎన్నుకొని, ఈ రెండు సంఖ్యలను, ఇరువురి కార్డుల చిరునామాలను, మూల తాళపుచెవిని కలిపి ఆనాటి తాళపుచెవిని పుట్టించును. తన సంఖ్యను, దానితోపాటు ఆ క్రొత్త తాళపుచెవితో వేసిన ఒక ముద్రను పంపును. ఇది రెండవ మాట. రౌటరు అదే లెక్కను తానును చేసి ముద్రను సరిచూచును. ముద్ర కలిసినచో ఎదుటివానికి సంకేతపదము తెలియునని తేలినట్లే. మూడవ మాటలో రౌటరు తన ముద్రతోపాటు, అందరికిని ఒకేమారు పంపు వార్తలకు వలసిన తాళపుచెవిని గుప్తముగా పంపును. నాలుగవ మాట అందినదని చెప్పుట మాత్రమే.

సంకేతపదముగాని, మూల తాళపుచెవిగాని ఒక్కమారైనను గాలిలోకి రాలేదు. సంబంధము కుదిరిన ప్రతిమారును తాళపుచెవి క్రొత్తదే.

లినక్స్‌లో ఎవరి పని ఎవరిది

ఈ పనులన్నియు లినక్స్ లాప్‌టాపులో నలుగురు పంచుకొందురు. మొదటిది కార్డును నడపు డ్రైవరు. ఇది లినక్స్‌నకు గుండెకాయ వంటి కెర్నెల్‌లో నుండును. రెండవది ఫర్మ్‌వేర్, అనగా కార్డులోపలి చిన్న గణనయంత్రమునకు కావలసిన ప్రోగ్రాము. మూడవది ‘డబ్ల్యుపిఎ సప్లికెంట్’ అను ప్రోగ్రాము. 2003లో యౌని మాలినెన్ ఆరంభించిన ఈ ప్రోగ్రామే పైన చెప్పిన కరచాలనమును జరుపును. సప్లికెంట్ అనగా అర్థించువాడు. రౌటరు వాకిట నిలిచి ప్రవేశము కోరువాడని భావము. నాలుగవది ‘నెట్‌వర్క్ మేనేజర్’. తెరమీద వలయముల పేర్లను చూపునది, సంకేతపదమును అడిగి సప్లికెంటుకు అందించునది ఇదియే.

పూర్వము లినక్స్ వాడువారికి వైఫై పెద్ద తలనొప్పిగా నుండెడిది. అనేక కార్డుల తయారీదారులు విండోస్‌నకు మాత్రమే డ్రైవర్ల నిచ్చెడివారు. ఆ విండోస్ డ్రైవరునే లినక్స్‌లో నడపుటకు ‘ఎన్‌డిఐఎస్ ర్యాపర్’ అను ఉపాయమును కల్పించిరి. తుదకు బ్రాడ్‌కామ్ సంస్థ కూడ 2010లో కొన్ని కార్డులకు స్వేచ్ఛా డ్రైవరును విడుదల చేసినది. నేడు పెక్కు కార్డులు పెట్టినంతనే పనిచేయును. పనిచేయనప్పుడు ఏ మెట్టువద్ద ఆగినదో కనుగొనుటయే చికిత్సలో సగము.

మెట్టుమెట్టుగా పరీక్ష

మొదటి మెట్టు: కార్డు కనబడుచున్నదా? ‘ఎల్‌ఎస్‌పిసిఐ’ అను ఆదేశము లోపలి కార్డులను, ‘ఎల్‌ఎస్‌యుఎస్‌బి’ అను ఆదేశము బయట తగిలించిన కార్డులను పేరుతో చూపును. తయారీదారు పేరు, నమూనా ఇక్కడనే తెలియును.

రెండవ మెట్టు: డ్రైవరు, ఫర్మ్‌వేర్ కుదిరినవా? ‘డిమెసేజ్’ అను ఆదేశము కెర్నెల్ వ్రాసికొన్న దినచర్యను చూపును. ఫర్మ్‌వేర్ దొరకలేదని అందులో నున్నచో, సంకేతపదమును ఎన్నిమారులు మార్చినను లాభము లేదు. ఇక్కడ ఒక విచిత్రమైన చిక్కు గలదు: ఫర్మ్‌వేర్ తెచ్చుటకు వలయము కావలెను, వలయమునకు ఫర్మ్‌వేర్ కావలెను. సెల్‌ఫోనును తీగతో తగిలించి తాత్కాలికముగా వలయమును చేరుటయో, వేరొక కంప్యూటరునుండి పెన్‌డ్రైవులో తెచ్చుటయో దీనికి మార్గము. స్వేచ్ఛగా మార్చుకొనుటకు వీలులేని ఫర్మ్‌వేరును డెబియన్ అను లినక్స్ సంస్థ చాలకాలము తన స్థాపక డిస్కులో చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటుచేసి ఆ నియమమును మార్చిరి. 2023లో వెలువడిన 12వ కూర్పునుండి అది డిస్కులోనే వచ్చుచున్నది.

మూడవ మెట్టు: రేడియో మూతబడి యున్నదా? ‘ఆర్‌ఎఫ్‌కిల్’ అను ఆదేశము దీనిని చెప్పును. మూత రెండు విధములు. మెత్తని మూతను ఆదేశముతోనే తీయవచ్చును. గట్టి మూతకు లాప్‌టాపు ప్రక్కనున్న మీటనో, ప్రత్యేకపు మీటనో నొక్కవలెను.

నాలుగవ మెట్టు: వలయము పేరు వినబడుచున్నదా? కార్డు 2.4 గిగాహెర్ట్‌జ్ మాత్రమే తెలిసినదైనచో 5 గిగాహెర్ట్‌జ్ వలయము దానికి కనబడదు. ఒక్కొక్క దేశములో అనుమతించిన పౌనఃపున్యములు వేరు గనుక, కార్డులో దేశము పేరు తప్పుగా నున్నను కొన్ని వలయములు కనబడకపోవును.

ఐదవ మెట్టు: కరచాలనము ముగిసినదా? సప్లికెంట్ దినచర్యలో నాలుగు మాటల కరచాలనము విఫలమైనదని, సంకేతపదము తప్పు కావచ్చునని వ్రాసియున్నచో దాని అర్థము ఇప్పుడు స్పష్టమే: రెండవ మాటలోని ముద్ర కలియలేదు. పెద్ద అక్షరము, చిన్న అక్షరము తారుమారైనను ముద్ర కలియదు.

ఆరవ మెట్టు: చిరునామా దొరకినదా? కరచాలనము ముగిసిన తరువాత రౌటరు లాప్‌టాపునకు ఒక సంఖ్యాచిరునామాను ఇచ్చును. అది రానప్పుడు కొన్ని లాప్‌టాపులు 169.254తో మొదలగు చిరునామాను తామే పెట్టుకొనును. అట్టిది కనబడినచో దోషము తాళములో లేదు, చిరునామా పంపకములో నున్నది. ఈ రెంటిని కలిపి తికమకపడుటవలననే చాలమంది గంటలకొలది కాలము వ్యర్థము చేసికొందురు.

కళాశాలలలో ఒక్కొక్కరికి వేరువేరు పేరు, సంకేతపదము ఇచ్చు వలయములు గలవు. వీనియందు లాప్‌టాపు తన్ను తాను నిరూపించుకొనుటయే గాక, ఎదుటనున్న వలయము నిజమైనదేనా యని ధ్రువపత్రమును అడిగి చూడవలెను. ‘ధ్రువపత్రము అక్కరలేదు’ అను గడిలో గుర్తు పెట్టినచో పని త్వరగా నగును. కాని అదే పేరుతో ఎవడైనను దొంగ వలయము నిలిపినచో సంకేతపదము వాని చేతిలో పడవచ్చును. లాప్‌టాపు గడియారము తప్పినను ధ్రువపత్రపు గడువు దాటినట్లు తోచి సంబంధము కుదరదు. అట్టియెడ సరిచేయవలసినది గడియారమును, తీసివేయవలసినది పరీక్షను కాదు.

సంకేతపదపు లెక్క

సంకేతపదము గాలిలోకి రాకపోయినను, కరచాలనములోని సంఖ్యలు, ముద్ర వచ్చుచున్నవి. వానిని పట్టినవాడు ఇంటికి పోయి, తీరికగా ఒక్కొక్క పదమును ఊహించి, ముద్ర కలియునేమో చూడవచ్చును. 4,096 మారులు త్రిప్పుట ఆ ఊహలను మందగింపజేయుటకే. అయినను సెకనుకు పది లక్షల ఊహలు చేయగల యంత్రమున్నదనుకొని లెక్క వేసినచో ఫలితము ఇట్లుండును.

ఎనిమిది అంకెల సంఖ్య, ఉదాహరణకు పుట్టిన తేదీ: మొత్తము పది కోట్లు, 100 సెకనులలో ముగియును.

పది అంకెల సెల్‌ఫోను సంఖ్య: వేయి కోట్లు, రెండు గంటల నలుబది ఏడు నిమిషములు.

ఆంగ్లములో ఎనిమిది చిన్న అక్షరములు: సుమారు 20,900 కోట్లు, యాబది ఎనిమిది గంటలు.

అట్టివే పన్నెండు అక్షరములు, ఏ క్రమమునకును లోబడనివి: మూడువేల ఏండ్లకు పైన.

ఇండ్లలో ఎక్కువగా పెట్టుకొను సంకేతపదము సెల్‌ఫోను సంఖ్య యగుట గమనింపదగినది. ఈ పదమునకు 8 నుండి 63 వరకు ఆంగ్ల లిపిలోని అక్షరములు, అంకెలు, గుర్తులు ఉండవచ్చును. ఒకదానితో నొకటికి సంబంధములేని నాలుగైదు తెలుగు మాటలను ఆంగ్ల అక్షరములతో వ్రాసికొనినచో జ్ఞాపకముంచుకొనుట సులభము, ఊహించుట కష్టము. అందరెరిగిన సామెతగాని పాటగాని పనికిరాదు; ఊహించువాడు ముందు వానినే వెదకును.

పాత సూత్రము, క్రొత్త దెబ్బ

పదునాలుగేండ్లకు పైగా దృఢమని పేరుపొందిన ఈ కరచాలనములో 2017 అక్టోబరులో ఒక రంధ్రము బయటపడినది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మాథీ వాన్‌హూఫ్, ఫ్రాంక్ పీసెన్స్ దీనిని ప్రకటించిరి. మూడవ మాటను ఎవడైనను పట్టి మరల వినిపించినచో, లాప్‌టాపు అదే తాళపుచెవిని రెండవమారు పెట్టుకొని, పొట్లముల లెక్కను మొదటినుండి ఆరంభించును. అనగా ఒకే ధార రెండుమారులు! వెప్‌ను కూల్చిన దోషమే వేరొక ద్వారమున తిరిగివచ్చినది. లినక్స్ సప్లికెంటులో 2.4వ కూర్పునుండి ఇంకొక అనర్థము గలదు: మరల పెట్టుకొను తాళపుచెవి అన్నియు సున్నలే. లోపమును ప్రకటించిననాటికే సవరణలు సిద్ధమైనవి. వానిని వేసికొన్న లాప్‌టాపులు రక్షింపబడినవి, వేసికొననివి అట్లే మిగిలినవి. తాళము ఎంత మంచిదైనను కాలానుగుణముగా సవరణ లేనిచో నిలువదు.

2018లో వచ్చిన డబ్ల్యుపిఎ-3లో కరచాలనమునకు ముందు మరియొక గణితక్రీడ చేరినది. దీనివలన ఊహించువాడు ఇంటికి పోయి తీరికగా వెదకుటకు వీలులేదు. ప్రతి ఊహకును రౌటరు వాకిట నిలువవలసినదే. సంకేతపదము తరువాత ఎప్పుడో తెలిసినను, పూర్వము పట్టి దాచిన వార్తలను విప్పుట సాధ్యము కాదు. డబ్ల్యుపిఎ-2లో ఈ రెండు గుణములును లేవు. 2019లో దీనియందును కొన్ని లోపములు చూపబడినవి, సవరింపబడినవి. పాత కార్డులు కొన్నింటికి ఈ క్రొత్త కరచాలనము తెలియదు. అప్పుడు వలయము పేరు కనబడును గాని సంబంధము కుదరదు. రౌటరులో రెండు విధములను కలిపి యుంచిన పని జరుగును.

తరగతిలో ఒక ప్రయోగము

‘డబ్ల్యుపిఎ పాస్‌ఫ్రేజ్’ అను చిన్న ఆదేశము వలయము పేరును, సంకేతపదమును తీసికొని, వాని నుండి పుట్టు మూల తాళపుచెవిని 64 గుర్తులలో చూపును. విద్యార్థులు కల్పిత పేరుతో, కల్పిత పదముతో దీనిని చేసి చూడవచ్చును; నిజమైన సంకేతపదమును వాడరాదు. పిమ్మట పదమును మార్చక, వలయము పేరులో ఒక్క అక్షరమును మాత్రము మార్చవలెను. తాళపుచెవి ఆసాంతము మారిపోవును. ఒకే పదమును రెండిండ్లవారు వాడినను వారి తాళపుచెవులు ఎందులకు వేరగునో, ఒక వలయమునకై ముందుగా వేసియుంచిన ఊహల పట్టిక వేరొక వలయమునకు ఎందులకు పనికిరాదో ఈ ప్రయోగము తెలుపును.

తరంగము అందరిది, అందులోని మాట మాత్రము ఇద్దరిది. దానిని ఇద్దరిదిగనే నిలుపుటకు శాస్త్రజ్ఞులు చేయవలసినది చేసిరి, ఇంకను చేయుచున్నారు. మిగిలినవి వాడువాని వంతు: ఊహకందని పదము, ఎప్పటికప్పుడు సవరణ, ఏ మెట్టువద్ద చిక్కు వచ్చినదో చూచి గాని చేయి పెట్టకుండుట.